జేజి కాళ్లు తడుపుకొని పడుకునేది ఎందుకు

కడపలో మా పాత ఇంటి పైకప్పు నాపబండలది. మే నెలలో పగలంతా ఎండను తాగిన ఆ బండలు రాత్రి పదకొండు దాటినా ఇంట్లోకి వేడి కక్కుతూనే ఉంటాయి కాబట్టి, ఇంటిల్లిపాదీ చాపలు, బొంతలు పట్టుకొని మిద్దె ఎక్కడం మాకు అలవాటు. పొద్దు వాలగానే మా జేజి మిద్దె మీద రెండు బిందెల నీళ్లు చల్లిస్తుంది. పడుకునే ముందు చెంబులో నీళ్లతో అరికాళ్లు, అరచేతులు తడుపుకొని, తుడుచుకోకుండానే చాప మీద ఒరుగుతుంది. చిన్నప్పుడు దాన్ని చాదస్తం అనుకునేవాణ్ని. శరీరం వేడిని ఎలా అదుపు చేసుకుంటుందో కొంత చదివాక, జేజి సరిగ్గా చేయవలసిన చోటే నీళ్లు పోసుకుంటున్నదని అర్థమైంది.

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి ఉష్ణోగ్రత కొద్దిగా దిగాలి. రాత్రి మొత్తం మీద ఆ తగ్గుదల సుమారు ఒక డిగ్రీ ఉంటుంది. మెదడు అడుగున బాదం గింజంత ఉండే హైపోథాలమస్ పొద్దుపోయాక అరచేతుల్లో, అరికాళ్లలో రక్తనాళాలను వెడల్పు చేయించి, లోపలి వేడిని చర్మం గుండా బయటికి పంపిస్తుంది. కాళ్లూ చేతుల్లో ఈ నాళాలు ఎంత బాగా విచ్చుకుంటే నిద్ర అంత త్వరగా పడుతుందని 1999లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపించారు. జేజి చెంబు నీళ్లు అక్కడికి చేరిన వేడిని పట్టుకొని ఆవిరైపోతాయి. అయితే ఆ నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవైతే రక్తనాళాలు ముడుచుకొని పని చెడుతుంది.

పగటి కథ వేరు. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. బయట 43 ఉన్నప్పుడు వేడి మన నుంచి గాలికి పోదు, గాలి నుంచే మనలోకి వస్తుంది. అప్పుడు మిగిలిన దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. ఇసుక మీద పెట్టిన మట్టికుండ నీళ్లను చల్లబరిచేదీ ఇదే లెక్కన. గాలి పొడిగా ఉండే కడపలో, అనంతపురంలో చెమట పుట్టినచోటే ఆరిపోతుంది. నెల్లూరు ఉక్కపోతలో ఆరక కారిపోతుంది, కారిపోయిన చెమట వల్ల ఒంటికి చల్లదనం దక్కదు. మన దగ్గర ఉన్న చిక్కల్లా చెమట కంటికి కనబడకపోవడం వల్ల ఎంత నీరు పోయిందో తెలియకపోవడమే. రక్తంలో ఉప్పు గాఢత కొంచెం పెరగగానే మెదడు దప్పికను పుట్టిస్తుంది గానీ, వయసు మీదపడ్డవారిలో ఆ కబురు మందగిస్తుంది, చెమట పట్టడమూ తగ్గుతుంది. “నాకు దప్పిక కాలేదు నాయనా” అని జేజి అన్నప్పుడల్లా ఆ మాటను నమ్మకుండా మజ్జిగ గ్లాసు చేతికిస్తాను.

వడదెబ్బ దగ్గర ఒక పొరపాటు నా మీదే జరిగింది. మూడేళ్ల కిందట ఎండలో బైకు మీద తిరిగొచ్చి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ వసారాలో కూలబడితే, బంధువొకాయన జ్వరమనుకొని పారాసెటమాల్ మాత్ర ఇవ్వబోయాడు. జ్వరంలో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం, ఒంటి వేడి ఇంత ఉండాలని హైపోథాలమస్ పెట్టుకున్న గీతనే పైకి జరుపుతుంది. అందుకే ఒళ్లు మండుతున్నా చలి పుట్టి దుప్పటి అడుగుతాం. మాత్ర ఆ పదార్థాన్ని తగ్గించి గీతను కిందికి దించుతుంది. వడదెబ్బలో గీత ఉన్నచోటే ఉంటుంది, వేడిని వదిలించుకునే శక్తే చాలదు కనుక ఆ మాత్ర ఎందుకూ కొరగాదు. ఆ రోజు జేజి నెత్తిన కుమ్మరించిన నీళ్లు, తడి ఒంటి మీద విసనకర్ర గాలి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవడం నన్ను నిలబెట్టాయి.

ఆకలి కూడా ఇదే హైపోథాలమస్ చేతిలో ఉంది. ఖాళీ కడుపు గ్రెలిన్ అనే హార్మోన్‌ను, కొవ్వు నిల్వలు లెప్టిన్ అనే హార్మోన్‌ను పంపి దానికి లెక్క చెబుతుంటాయి. తిన్నది అరిగేటప్పుడు వేడి పుడుతుంది, మాంసం వంటి మాంసకృత్తుల తిండికి మరీ ఎక్కువగా పుడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కోడికూర ముట్టబుద్ధి కాక, సంగటిని మజ్జిగలో పిసుక్కొని తాగాలనిపించడంలో వింత లేదు. నిద్ర చెడిన మర్నాడు మాత్రం మనుషులు మామూలుకన్నా ఎక్కువ తింటారని పరిశోధనల్లో తేలింది. మా ఇంట్లో అలాంటి రోజున పదకొండింటికే ఉగ్గాని బజ్జీల కోసం ఎవరో ఒకరు సందు చివరికి పరుగెత్తుతారు.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో పేరుకొని నిద్రను తరుముకొచ్చే అడినోసిన్, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ విడిపోగా మిగిలేదే. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వేరుచేసినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. సాయంత్రం ఆరింటికి తాగే టీలోని కెఫీన్ అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది, పదింటికి కూడా పూర్తిగా లేవదు. ఈ సంగతి జేజికి ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క టీ మాననంటుంది.

తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల మధ్య ఒంటి ఉష్ణోగ్రత రోజు మొత్తంలో అడుగంటుతుంది. మిద్దె మీద గాలి అప్పటికీ వెచ్చగానే ఉంటుంది. సరిగ్గా ఆ వేళకు జేజి నిద్రలోనే చేయి చాచి, కాళ్ల దగ్గర మడిచిపెట్టిన దుప్పటిని మెడ దాకా లాక్కుంటుంది.