ప్రార్థనా కొండ నుండి వెల్లంపల్లి రేవు దాకా

ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబాలలో పుట్టినవారికి ప్రార్థనా కొండ పుణ్యక్షేత్రంతో సమానమే అయినా, ఎత్తు చూస్తే అది గుట్ట మాత్రమే. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ఇక్కడ ప్రార్థించారు. అంతకు ముందు ఏడాదే అమెరికాలోని మిషను పెద్దలు ఈ తెలుగు మిషనును ఎత్తివేయాలా వద్దా అని తర్జనభర్జనలు పడ్డారు. ఆ ప్రార్థనకు జవాబుగా మావాళ్ళు చెప్పుకునే మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు చేరారు. మరుసటి జనవరి ఒకటిన సంఘం ఎనిమిది మంది సభ్యులతో మొదలైంది.

మా మేనత్త, ఆమె మనవడు, నేను కలిసి ఎండ ముదరక ముందే కొండెక్కాం. 1854 నాటి ఆ ఉదయం జ్యూయెట్ దొర వాళ్ళు చదివిన యెషయా గ్రంథం 52వ అధ్యాయంలోని వచనాన్ని అత్త పుస్తకం తెరవకుండానే ఒప్పజెప్పింది. చదువు రాని వాళ్ళ నాయనమ్మ దానిని బైబిలు స్త్రీ (ఇళ్ళకు వెళ్ళి బైబిలు చెప్పే మిషను ఉద్యోగిని) నోట విని కంఠస్థం చేసి, పొయ్యి ముందు కూర్చుని మనవరాలి చేత పదేపదే చెప్పించిందట. మా ఇంట్లో విశ్వాసం పుస్తకాలలో కంటే ఇలా నోటి మీదుగానే ఎక్కువ నడిచింది.

అక్కడి నుండి గుంటూరు దారిలో వెల్లంపల్లికి వెళ్ళాం. 1878 జూలై 3న అక్కడ గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్క రోజున బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్ళలో నిలబడ్డారు. జాబితా చూసి పేరు పిలవగానే ఒక్కొక్కరే దిగి, మునిగి, ఎదుటి ఇసుకలోకి ఎక్కారు. క్లౌ దొర తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు. మా తాతగారి తాత ఆ రోజులలోనే, ఇదే రేవులో దిగాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఏదీ లేదు, నేను వెతకనూ లేదు.

కరువులో బియ్యం కోసం మతం మారారన్న దెప్పిపొడుపు వినని క్రైస్తవుడు మా వైపు ఉండడు. బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని కరువు పనులు చూపించిన క్లౌ దొర, ఆ మాట వస్తుందనే, సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపారు. సహాయం అయిపోయింది, ఇళ్ళకు వెళ్ళండి అన్న తరువాతనే ఈ జనం వచ్చారు. అయినా ఆకలికి ఇందులో పాత్రే లేదనడం నాకు నిజాయితీగా తోచదు. కాలువ గట్టు మీద తమను మనుషులుగా చూసినవాడి దేవుణ్ణి వాళ్ళు నమ్మారు, అందులో తప్పేముంది?

కష్టం ఆ తరువాతే మొదలైంది. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్న నియమాలను, రాజయోగ సాధన విడిచి విశ్వాసిగా మారిన ఎర్రగుంట్ల పేరయ్య కాలం నుండి మాదిగపల్లెలలో పాటించారు. జాతరలో డప్పు కొట్టమన్నవారికి, కోతల వేళ ఆదివారం పొలానికి రానన్నవారికి, కరణాల, మునసబుల కోపం తప్పలేదు. ఆ విశ్వాసం ఊరందరికీ కనపడేది.

మా తరానికి వచ్చేసరికి అది కుల ధ్రువపత్రంలో చిక్కుకుంది. హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాలుగా గుర్తించరాదన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని అడ్డు సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తొలగింది కాని, క్రైస్తవులకు తొలగలేదు. మన రాష్ట్రంలో అలా క్రైస్తవులైన ఎస్సీలకు దక్కేది వెనుకబడిన తరగతులలోని బి.సి.-సి విభాగం కింద ఒక శాతం రిజర్వేషను. అత్త ఆ పత్రంతోనే ఉపాధ్యాయురాలైంది. మా నాన్న మాత్రం హిందూ మాదిగ అని రాయించుకుని ఉద్యోగం తెచ్చుకుని, పదవీ విరమణ దాకా చర్చిలో చివరి వరుసలో కూర్చున్నారు. “మీ నాన్న దేవుణ్ణి వదల్లేదురా, దేవుడి పక్కన కూర్చోవడానికి సిగ్గుపడ్డాడంతే,” అని అత్త రేవులో అంది. నేను ఆయనను తప్పుపట్టలేను. ఆయన జీతంతోనే నేను చదువుకున్నాను.

బాప్టిస్టులలో పసిపిల్లలకు బాప్తిస్మం ఉండదు. ప్రతివాడూ పెద్దయ్యాక తానే అడిగి తీసుకోవాలి. ఆరో తరంవాడైన అత్త మనవడు ఇంటర్ చదువుతున్నాడు, ఇంకా అడగలేదు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, “అప్పుడు కూడా ఇంతే లోతుందా, మునగడానికి సరిపోయిందా?” అని మాత్రం అడిగాడు. కుల ధ్రువపత్రం దరఖాస్తు కూడా వాడి సంచిలో ఖాళీగానే ఉంది. అత్త రెండింటి గురించీ వాణ్ణి తొందరపెట్టడం లేదు. నన్ను మాత్రం జనవరి ఒకటికి ముగ్గురికీ టిక్కెట్లు తీయమని తిరుగు బస్సులోనే పురమాయించింది.