మూడు గ్లాసుల పరీక్ష: విజయనగరంలో నా వైన్ అభ్యాసం, ఇప్పటివరకు

మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణంలో విస్కీ, బ్రాందీ, బీరు దొరుకుతాయి గానీ, అసలు ద్రాక్ష వైను ఏ వెనుక అరలోనో దుమ్ము పట్టిన రెండు మూడు సీసాలకు మించి కనబడదు. అందుచేత నేను వైను రుచి చూసే సమావేశాలకు వెళ్తున్నానని తెలిసినప్పుడు మా వీధిలో పెద్దాయన ఒకరు, "ఏటండీ మాస్టారూ, రిటైరైపోయాక ఈ వైన్సుల చుట్టూ తిరగడమేటండీ" అని నొచ్చుకున్నారు. విడమరిచి చెప్పబోయి విరమించుకున్నాను.

మొదటి కార్యక్రమానికి జనవరిలో విశాఖపట్నం వెళ్లాను. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపడం నేరం కనుక రైల్లోనే వెళ్లి రైల్లోనే వచ్చాను. ఒక హోటల్లో ఆరు రకాలు పోసి, ఒక్కొక్కదానిలో బ్లాక్‌కరెంట్ ఉంది, గూస్‌బెర్రీ ఉంది, సెడార్ ఉంది అని ఒక యువకుడు చెబుతూ ఉంటే, అందరితోపాటు నేనూ తల ఊపాను. బ్లాక్‌కరెంట్ పండును నేను ఎన్నడూ తినలేదు. గూస్‌బెర్రీ అంటే ఉసిరికాయే అనుకొని గ్లాసులో దానికోసం వెతికాను. ఐరోపావారి గూస్‌బెర్రీ వేరే జాతి మొక్క కాయ అనీ, మన ఉసిరితో దానికి ఏ చుట్టరికమూ లేదనీ ఆ తరువాత తెలిసింది. తిరుగు రైల్లో నోటుపుస్తకం తెరిచి చూసుకుంటే అందులో ఉన్న మాటలన్నీ ఆ యువకుడివే, నావి ఒక్కటీ లేవు.

ఫిబ్రవరిలో ఎనిమిది మందిమి కలిసి నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చోవాలని నిర్ణయించుకున్నాము. సీసాల ఖర్చును సమానంగా పంచుకుంటాము. మొదటి సమావేశం మా ఇంట్లోనే జరిగింది, తప్పులన్నీ కూడా అక్కడే జరిగాయి. సాయంత్రం దీపం పెట్టి సాంబ్రాణి వేయడం మా ఇంటి అలవాటు కావడంతో, ఆ రోజు ప్రతి గ్లాసులోనూ సాంబ్రాణి వాసనే వచ్చింది. దాని మీద సీలింగు ఫ్యాను గ్లాసులోని సువాసనను పైకి రాగానే ఎగరగొట్టేసింది. ఇప్పుడు వాసన చూసే రెండు నిమిషాలూ ఫ్యాను ఆపుతాము, ఆ పూట పోపు వేయము, మల్లెపూలు గదిలోకి రానివ్వము.

ఉమ్మడం మరొక చిక్కు. వైనును నోట్లో తిప్పి ఉమ్మకపోతే నాలుగో గ్లాసుకు తీర్పు తప్పుతుంది. కానీ పదిమందిలో ఉమ్మడం మన మర్యాద కాదు. మా నాయనమ్మగారి ఇత్తడి తమ్మపడిగ అటక మీద నుంచి దిగిన తరువాత ఆ బిడియం పోయింది. తాంబూలానికి అక్కరకు వచ్చింది దీనికీ వచ్చింది. నోరు శుభ్రపరచుకోవడానికి బ్రెడ్డు ముక్కల కంటే ఉప్పు వేయని మురీలు (మరమరాలు), మంచినీళ్లు చాలా నయమని తేలింది.

వేసవి పాఠం ఖరీదుగా వచ్చింది. రెడ్ వైనును 'గది ఉష్ణోగ్రత'లో ఇవ్వాలని పుస్తకాలలో ఉంటుంది గానీ, ఆ గది చలిదేశపు గది; 15 నుంచి 18 డిగ్రీలు దాని అర్థం. మే నెలలో మా ముందుగది 34 డిగ్రీలు చూపించింది. ఆ వేడిలో ఆల్కహాలు ముక్కుకు కొట్టడం తప్ప మరేమీ తెలియలేదు. ఇప్పుడు రెడ్ సీసాను అరగంటకు పైగా ఫ్రిజ్‌లో ఉంచి తీస్తాను. వైట్ సీసాను రాత్రంతా ఉంచి, పోయడానికి పావుగంట ముందు బయట పెడతాను, ఎందుకంటే మరీ చల్లగా ఉన్నా వాసన పైకి రాదు. ఆ నెలలోనే ఒక సీసాను మధ్యాహ్నమంతా స్కూటరు డిక్కీలో మరిచిపోయాను. బిరడా కొద్దిగా పైకి తన్నుకు వచ్చింది, పండు వాసన పోయి ముదిరిన బెల్లం పాకం వాసన మిగిలింది. దుకాణంలో సీసా ఎంతకాలం ఎండ వేడికి నిలబడిందో మనకు తెలియదు కాబట్టి, ముఖ్యంగా వైట్ రకాలలో లేబులు మీద సంవత్సరం చూసి కొనడం మేలు. నాసిక్ ప్రాంతంలో వైను ద్రాక్షను జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు. రెండేళ్లు దాటిన సామాన్యపు వైట్‌ను నేను ఇక కొనను.

అసలు పురోగతి మాత్రం మాటల దగ్గర మొదలైంది. రెడ్ వైనులో టానిన్ అని వైను తెలిసినవారు చెప్పేదాన్ని ఉగాది పచ్చడి తిన్న ప్రతివాడూ ఎరుగును, అది వగరు. టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేయడం వల్ల నోరు పిడచకట్టినట్టు అవుతుంది. అందుకు నేను ఒక కొలత పెట్టుకున్నాను: పండిన నేరేడుకు ఒకటి, జామ పిందెకు రెండు, కరక్కాయ ముక్కకు మూడు. నేను రుచి చూసిన రెడ్ రకమైన షిరాజ్‌లలో ఎక్కువ భాగం రెండు దగ్గర ఆగాయి, కాబర్నే అనే మరో రెడ్ రకం ఒకటి మాత్రం మూడుకు చేరువగా వెళ్లింది. వాసనలకు మూత బిగుతుగా ఉన్న చిన్న గాజు సీసాలలో జామ ముక్క, బెంగళూరు మిర్చి, మిరియాలు, లవంగం, భీమాళి మామిడి తాండ్ర, తడిసిన అట్టముక్క వేసి, సమావేశానికి ముందురోజు కళ్లు మూసుకొని గుర్తుపట్టే అభ్యాసం చేస్తాను. వైట్ రకమైన సొవిన్యో బ్లాంక్‌లో జామ, బెంగళూరు మిర్చి రెండూ కనబడతాయి. అట్టముక్క వాసన వస్తే బిరడా చెడిపోయిందని అర్థం.

మిరియాల సంగతి విచిత్రమైనది. షిరాజ్‌లో వచ్చే మిరియపు వాసనకు కారణమైన రొటండోన్ అనే పదార్థమే మిరియాలలోనూ ఉంటుంది. అయితే సుమారు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన ముక్కుకు తెలియదు. పాడేరు మిరియాలు దంచి పెట్టి ఎంత చూపించినా, మాలో ఇద్దరు వైనులో దాన్ని పట్టుకోలేకపోయారు. నా శ్రీమతి మాత్రం గ్లాసు ముక్కు దగ్గరకు రాకముందే "చారు వాసన" అన్నారు. ఆ మాట అలాగే నోటుపుస్తకంలో రాసుకున్నాను.

భోజనం విషయంలో మా ప్రయోగాలు ఇంకా తేలలేదు. చేపల పులుసుతో పుల్లని వైట్ బాగా కుదిరింది, ఎందుకంటే చింతపండు పులుపు ముందు వైను పులుపు తగ్గినట్టు అనిపిస్తుంది. పులుపు లేని వైను అదే పులుసు పక్కన చప్పగా పడిపోయింది. కారం ఎక్కువైతే ఆల్కహాలు మంటను పెంచుతుంది కాబట్టి కొద్దిగా తీపి ఉన్న తేలిక రకమే మంచిది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మాత్రం మేము ప్రయత్నించిన నాలుగు వైన్లనూ ఓడించింది. పలాస జీడిపప్పును ఉప్పు వేసి వేయిస్తే వగరు రెడ్‌కు తోడుగా నిలిచింది, అంతకు మించి చెప్పలేను.

ఇక లెక్క. ప్రతి సమావేశంలో మూడు గ్లాసుల పరీక్ష రెండు విడతలు పెడతాము: రెండు గ్లాసులలో ఒకే వైను, మూడో దానిలో వేరొకటి, వేరుగా ఉన్నదేదో చెప్పాలి. ఒకరు వంటింట్లో పోసి, గ్లాసుల అడుగున గుర్తు అంటించి పంపుతారు, ఆయన ఆ రోజు పాల్గొనరు. గ్లాసుకు 30 మిల్లీలీటర్లు చాలు కనుక ఏడుగురికి ఇరవై ఒక్క గ్లాసులైనా 630 మిల్లీలీటర్లే అవుతుంది. రంగును బట్టి పసిగట్టకుండా రెండూ ఒకే రంగువి ఎంచుతాము.

ఫిబ్రవరి నుంచి జూన్ వరకు పది విడతలలో నాకు నాలుగు సరిపోయాయి. కళ్లు మూసుకొని ఊహించినా నాలుగో, అంతకంటే ఎక్కువో సరిపడే అవకాశం నూటికి 44 వంతులు ఉంటుంది గనుక, అది విద్య కాదు. జూలై నుంచి నవంబరు వరకు ఎనిమిది విడతలలో ఆరు సరిపోయాయి. ఊహతో అలా కుదిరే అవకాశం నూటికి రెండు వంతులే. లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఎనిమిది విడతలు చాలా తక్కువని నాకు తెలుసు, అయినా సంతోషించాను. మా శ్రీమతికి ఏడు సరిపోయాయి.

దసరా తరువాతి మంగళవారం మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం, ఇంటినిండా బంధువులు కావడంతో అక్టోబరు సమావేశం జరగలేదు. డిసెంబరు సమావేశం కంటోన్మెంటులో ఒక డాక్టరుగారి ఇంట్లో. ఈసారి రెండూ వైట్ రకమైన షెనిన్ బ్లాంక్‌లే, ఒకటి తెరిచి నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉంచినది, మరొకటి అప్పటికప్పుడు తెరిచేది. పోసే వంతు నాది. తమ్మపడిగ కూడా నేనే పట్టుకెళ్లాలి.