అరంగుళం గొడవ

తొలేళ్ళకి ముందురోజు రాత్రి మా ఆడపడుచు స్నానం చేసి బయటికొచ్చి, "వదినా, ఇదేటి, నీళ్ళు నా వెనకాలే వచ్చేస్తున్నాయి?" అంది. చూద్దును కదా, బాత్రూం గుమ్మం దాటి పడగ్గదిలో మంచం కోడు దాకా నీళ్ళు. అవతలి మూల నీళ్ళు పోయే జాలీ దగ్గర మాత్రం ఎండిపోయినట్టే ఉంది.

పైడితల్లమ్మ జాతరంటే విజయనగరంలో ప్రతి ఇల్లూ సత్రమే. విజయదశమి వెళ్ళిన మంగళవారం సిరిమాను ఊరేగింపు, ఆ ముందురోజు సోమవారం తొలేళ్ళు. చుట్టాలు దిగేలోపు పాత బాత్రూంకి కొత్త టైల్స్ వేయించాలని నేనే పట్టుబట్టాను. మేస్త్రీ కూలి 18 వేలు అడిగితే 15 వేలకి దించానని స్టాఫ్‌రూంలో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ మూడువేలు ఎక్కడ తగ్గాయో తర్వాత తెలిసింది.

ఆ జాతర రెండురోజులూ గుమ్మానికి అడ్డంగా పాత దుప్పటి చుట్టలు పెట్టి నెట్టుకొచ్చాం. గురువారం ఫోన్ చేశాను. "కొత్తది కదా మేడంగారూ, వాడగా వాడగా సెట్టయిపోద్ది" అన్నాడు. చెప్పులు వాడగా సెట్టవుతాయి, గచ్చు ఎలా అవుతుంది! శుక్రవారం "వొస్తన్నాను, దార్లో ఉన్నాను" అన్నాడు. వెనకాల మిక్సర్ తిరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు.

నాకు కోపం వచ్చి వీధి వాట్సాప్ గ్రూపులో అతని గురించి రెండు ముక్కలు రాశాను. పావుగంటకి మా అత్తగారు వచ్చి, "ఆ పిల్లడి నాన్నే కదే మన ఇల్లు కట్టాడు, వర్షానికి ఒక్క చుక్క ఉరవలేదు" అంది. తీసేశాను. కానీ అప్పటికే పదిహేడుమంది చూశారు.

మా స్కూలు తెలుగు టీచరుగారి భర్త వకీలు. ఆయన్ని అడిగితే, ఇలాంటిదాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం అంటారని, రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చని, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా ఉండదని చెప్పారు. ముందు 1915కి ఫోన్ చేసి చూడమన్నారు. "రసీదు ఉందా అమ్మా?" అన్నారు. నా దగ్గర ఉన్నవి 13 వేలు పంపిన ఫోన్‌పే వివరాలు, లెక్కల నోటు చివరి పేజీలో నేను రాసుకున్న "బా.రూం 15, తొలేళ్ళ లోపు" అన్న ముక్క. అదీ పనికొస్తుందన్నారు. మళ్ళీ ఆయనే నవ్వి, "తీర్పు వచ్చేసరికి ఇంకో సిరిమాను వచ్చేస్తుందేమో, ముందు మేస్త్రీని ఇంటికి రప్పించండి" అన్నారు.

రప్పించింది మా అత్తగారే. మేస్త్రీ వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. మర్నాడు ఆరున్నరకే వచ్చేశాడు, మొహం గంటు పెట్టుకుని. వస్తూనే మొదలెట్టాడు: "వారం తడపమన్నాను, మూడోరోజుకే వాడేశారు మీరు." నిజమే, వాడేశాం. "తడపకపోతే బీటలిస్తుంది గానీ వాటం తిరగబడుతుందా?" అన్నాను. "వాటం కరెక్టుగానే ఉంది" అన్నాడు. నేను లేదన్నాను. ఇలా ఓ పది నిమిషాలు.

అప్పుడు, "నీ లెవెల్ పైపు పట్టుకురా" అన్నాను. బడిలో లెక్కలు చెప్పేదాన్ని, సొంత గచ్చు వాలు తేల్చుకోలేనా! బండి మీంచి తెచ్చాడు. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ పైపు ఒక కొస గుమ్మం దగ్గర నేను, రెండో కొస జాలీ దగ్గర అతనూ పట్టుకున్నాం. పైపులో బుడగ ఉండిపోతే అతనే వేలితో తట్టి తట్టి పైకి పంపించాడు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో కదలకుండా నిలబడ్డాక, ఆ మట్టానికి రెండుచోట్లా గోడ మీద పెన్సిల్ గీతలు గీశాం. అక్కణ్ణించి కిందికి టేపు పెట్టి కొలిస్తే, గుమ్మం దగ్గర ముప్ఫై ఒకటి అంగుళాలు, జాలీ దగ్గర ముప్ఫైన్నర.

అతను టేపు వదల్లేదు. మళ్ళీ కొలిచాడు. అదే.

గది పొడవు ఏడడుగులు, అంటే 84 అంగుళాలు. ఎనభైకి ఒకటి చొప్పున దించినా జాలీ దగ్గర అంగుళం పైన పల్లం ఉండాలి. పల్లం మాట దేవుడెరుగు, అరంగుళం మిట్ట ఉంది. అతను జాలీ ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, "మా బామ్మర్ది ఏసాడు మేడంగారూ" అన్నాడు, నాకు కాదు, జాలీకి చెప్పినట్టు. నేను బేరమాడి తగ్గించిన పనికి తను నిలబడకుండా చీపురుపల్లిలో వేరే పనికి వెళ్ళాడట. కొత్త జాలీ పాతదానికన్నా ఎత్తుగా కూర్చుంది. దాని మట్టానికి టైల్స్ తెచ్చేసరికి ఆ మూలంతా పైకి లేచింది. గుమ్మం దగ్గర పడగ్గది గచ్చుతో కలపాలని దించేశారు.

పదిరూపాయల బిళ్ళ పెట్టి ఒక్కో టైలూ కొట్టి చూశాను. గట్టిగా అతికినవి "టక్" మన్నాయి. పదకొండు మాత్రం కుండ మీద కొట్టినట్టు "డొబ్" మన్నాయి, కింద సిమెంటు మాలు నిండలేదు, నాలుగు మూలలా ముద్దలు పెట్టి అంటించేశారు. ఆ చప్పుడుకి నాకన్నా ముందు అతనికే సిగ్గేసిందని నా అనుమానం.

తప్పు ఒప్పుకున్నాక అసలు గొడవ మొదలైంది: టైల్స్ డబ్బులు ఎవరివి? మళ్ళీ వేసే కూలి తనదే అన్నాడు, సామాను మాత్రం నాదన్నాడు. నేను కాదన్నాను. మా అత్తగారు టీ గ్లాసులు తెచ్చి, "సగం సగం పెట్టుకోండి, నా చెవులు పోతున్నాయి" అంది. అలాగే అయింది. నేను పట్టిపెట్టిన రెండువేలు మాత్రం సంక్రాంతి దాకా ఇవ్వనన్నాను. ఆ మాటకి అతను బాధపడ్డాడు. పడనీ అనుకున్నాను గానీ, రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

కొట్టులో అదే టైలు అడిగితే అదే పేరుతో ఇంకో రంగు చేతిలో పెట్టారు. బ్యాచ్ నంబరు మారితే ఛాయ మారుతుందట. ఇప్పుడు బకెట్ కింద మూడు టైల్స్ కాస్త పసుపు తిరిగి ఉంటాయి. బకెట్ అక్కణ్ణించి జరపకూడదని ఇంట్లో రూలు. పడగ్గది గోడకి అడుగెత్తున పట్టిన చెమ్మ ఇంకా ఆరలేదు, సున్నం పొట్టు లేస్తోంది. దానికి ఎండలు రావాలి.

ఈసారి అతను తనే కూర్చుని వేశాడు. బామ్మర్ది మాలు కలిపాడు. నేను సెలవు పెట్టి కుర్చీ వేసుకు కూర్చున్నాను. వారం రోజులు తడిపాను, వాడలేదు.

కనుమ మర్నాడు రెండువేలకి వచ్చాడు. పిండివంటలు పెడితే ప్లేటు పక్కన పెట్టి తిన్నగా బాత్రూంలోకి వెళ్ళాడు. చెంబుడు నీళ్ళు ముంచి గుమ్మం దగ్గర పోసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు మధ్యలో ఒకచోట కాస్త ఆగి, దారి చూసుకుని, జాలీలోకి వెళ్ళిపోయాయి. అప్పుడొచ్చి అరిసె తీసుకున్నాడు.