అత్యాశను గెలిపించిన సినిమా

2024 దీపావళికి వచ్చిన ‘లక్కీ భాస్కర్’ను విజయవాడ గవర్నర్‌పేటలో, బ్యాంకులో పనిచేసి రిటైరైన మా బాబాయితో కలిసి చూశాను. వెంకీ అట్లూరి దర్శకత్వంలో దుల్కర్ సల్మాన్ పోషించిన భాస్కర్ బొంబాయిలో ఒక బ్యాంకు క్యాషియర్. అప్పులు, చేజారిన ప్రమోషన్, ఇంటా బయటా పడ్డ అవమానాలు అతణ్ణి బ్యాంకు సొమ్ము మీద చెయ్యి వేసేదాకా తీసుకువెళ్తాయి. ఆ మొదటి తప్పు అవసరం కోసం చేసినదే కాబట్టి ప్రేక్షకుడు అతని పక్షాన నిలబడతాడు. అవసరం తీరిన తర్వాత కూడా ఆగలేకపోవడంలోనే అసలు కథ ఉన్నది.

రెండవ సగానికి ఆధారం 1992లో బయటపడిన, షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం. ప్రభుత్వ సెక్యూరిటీలను, అంటే ప్రభుత్వం అప్పు తీసుకుంటూ ఇచ్చే పత్రాలను అమ్మిన బ్యాంకు, వాటిని వెంటనే అప్పగించకుండా, కొన్న బ్యాంకుకు ‘బ్యాంక్ రిసీట్’ అనే కాగితం ఇచ్చేది. వెనుక సెక్యూరిటీలే లేని రిసీట్లను పుట్టించి, వాటిపై వచ్చిన బ్యాంకుల డబ్బును బ్రోకర్లు షేర్లలోకి మళ్ళించారు. ఇంత చిక్కు వ్యవహారాన్ని సినిమా సులువుగానే చెప్పింది, అయినా ఇంటర్వెల్‌లో బాబాయి నాకు మళ్ళీ చెప్పారనుకోండి!

డబ్బు మదం తలకెక్కాక భార్యతో, తండ్రితో భాస్కర్ మాటతీరు మారే సన్నివేశాలు నాకు బాగా నచ్చాయి. ముగింపు మాత్రం మింగుడుపడలేదు. హర్షద్ మెహతా 2001లో జ్యుడీషియల్ కస్టడీలో ఉండగానే మరణించాడు. భాస్కర్ మాత్రం కుటుంబంతో సహా విదేశానికి తప్పించుకుంటాడు, హాలంతా ఈలలు వేస్తుంది.