డోసు తగ్గించబోతే పెరిగింది: పొట్ట సీటీతో నా అనుభవం

పొట్ట సీటీ ప్రోటోకాల్‌లో (స్కాన్ సెట్టింగుల్లో) డోసు, అంటే రేడియేషన్ మోతాదు, తగ్గించే పని నిన్నటికి తెమిలింది. చిరాకు ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

కేవీ (ఎక్స్‌రే ట్యూబు వోల్టేజి) సంగతి తేలికే. సన్నగా ఉన్నవాళ్లకు, కాంట్రాస్ట్ (అయొడిన్ మందు) ఇచ్చే స్కాన్ అయితే, 120 నుంచి 100కి దించాం. అయొడిన్ 33 కేఈవీ (ఎక్స్‌రే శక్తి కొలత)కి కాస్త పైనున్న ఎక్స్‌రేలను బాగా పట్టేస్తుంది కాబట్టి రక్తనాళాలు మరింత తెల్లగా తేలాయి. భారీ శరీరానికి మాత్రం 120 వదలకండి. 100 పెడితే ట్యూబు కరెంటు గరిష్ఠానికి చేరాక ఇక పెరగదు, నాయిస్ (బొమ్మలో గరుకు) పెరుగుతుంది.

స్లైసు మందం 5 మి.మీ. నుంచి 1.25కి తెస్తే నాయిస్ రెట్టింపవుతుంది. దాన్ని డోసుతో సరిచేయాలంటే నాలుగింతలు కావాలి. పలచటివి రీఫార్మాట్‌కి (వేరే కోణాల్లో బొమ్మలు కట్టుకోడానికి) ఉంచుకుని, చదవడం మందపాటి వాటిమీదే.

పరువు తీసింది ఏఈసీ, అంటే మనిషి మందాన్ని బట్టి ట్యూబు కరెంటును తనంతట తానే మార్చే ఏర్పాటు. కేవీ దించి, నాయిస్ ఇండెక్స్ (ఏఈసీకి మనం పెట్టే నాయిస్ లక్ష్యం) సడలించినా కొందరికి సీటీడీఐ వాల్యూమ్ (యంత్రం తెరమీద చూపే డోసు అంకె) పాత స్కాన్ కంటే ఎక్కువొచ్చింది. "తగ్గించారా, పెంచారా?" అని రేడియాలజిస్టు అందరిముందూ అడిగారు. యంత్రం కంపెనీ అప్లికేషన్ స్పెషలిస్టుకి ఫోన్ చేస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పాట. రెండ్రోజులు ప్రోటోకాల్ పేజీలే తిరగేశా. చివరికి ఒక యాక్సియల్ (అడ్డకోత) బొమ్మమీద స్కేలు పెట్టి చూస్తే శరీరం గ్యాంట్రీ (యంత్రం గుండ్రటి చట్రం) కేంద్రానికి 4 సెం.మీ. కింద ఉంది!

అసలు స్కాన్‌కి ముందు తీసే ఎక్స్‌రే బొమ్మ స్కౌట్; ఏఈసీ దాన్ని చూసే మనిషి మందం అంచనా వేస్తుంది. మా స్కౌట్‌లో ట్యూబు కిందే ఉంటుంది. టేబుల్ దిగితే మనిషి ట్యూబుకి దగ్గరై, నీడ పెద్దదిగా పడుతుంది. 'లావు మనిషి' అనుకుని ఏఈసీ కరెంటు పెంచేస్తుంది. స్కౌట్ పైనుంచి తీస్తే ఇదే తప్పు తలకిందులు: డోసు తక్కువ, బొమ్మ గరుకు. పోనీ, పెరిగిన డోసుతో బొమ్మ బాగుపడిందా అంటే అదీ లేదు. ట్యూబు ముందు కిరణాలను వడకట్టే బో-టై ఫిల్టరు అంచులు మందం. శరీరంలో మందమైన భాగం కేంద్రం నుంచి జరిగితే, పక్కనుంచి వచ్చే కిరణాలు ఆ అంచుల్లోనే సన్నగిల్లుతాయి.

ఇప్పుడు పక్క లేజరు చంక మధ్యగీత మీద పడాల్సిందే. ముందు పక్కనుంచి స్కౌట్, ఎత్తు సరిచేశాక ఎదురుగా ఇంకోటి. కొన్ని యంత్రాల్లో ఏఈసీ చివరి స్కౌట్‌నే చూస్తుంది, వరస మార్చకండి. చేతులు తలపైకి ఎత్తించండి. పక్కన పెడితే ఎముకల గీతలూ వస్తాయి, కరెంటూ పెరుగుతుంది. "టైమ్ లేదు" అనే టెక్నీషియన్‌కి ఒక మాట: టేబుల్ సరిచేయడానికి పట్టేది పది సెకన్లు.

ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ (కంప్యూటర్ లెక్కలతో నాయిస్ తగ్గించే పద్ధతి) అరువు తెచ్చిన అందం. బలం పూర్తిగా పెంచితే కాలేయం ప్లాస్టిక్ ముద్దలా నునుపెక్కి, చిన్న మచ్చలు అందులో కరిగిపోతాయి. మేం మధ్యస్థాయి దాటనివ్వలేదు.

పిల్లల పొట్ట స్కాన్‌లో తెరమీద అంకె చూసి మురిసిపోవద్దు. అది 32 సెం.మీ. ఫాంటమ్ (డోసు కొలిచే ప్లాస్టిక్ దిమ్మ) లెక్కయితే, ఆ చిన్న ఒంట్లో పడే డోసు అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. నడుము కొలిచి ఎస్‌ఎస్‌డీఈకి (ఒంటి సైజుకి సరిచేసిన డోసు అంచనాకి) మార్చి చూసుకోండి.