సముద్ర మట్టానికి కింద ఎగిరిన గూడబాతు

మా మేనకోడలు గూడబాతుల మీద పరిశోధన చేస్తోంది. నెల్లూరు వైపు కొన్ని పక్షులకు వీపున చిన్న జీపీఎస్ ట్యాగులు కట్టారు. మొన్న ఆ ఎక్సెల్ షీట్ నాకు పంపి ఫోన్ చేసింది. "మామయ్యా, నా పక్షి సముద్రానికి 83 మీటర్ల కింద ఎగురుతోంది. ట్యాగ్ పాడైందంటావా?"

నాకు పక్షులు తెలియవు. కొంగకీ కొక్కిరాయికీ తేడా అడిగితే దిక్కులు చూస్తాను. కానీ సర్వే పనిలో జుట్టు నెరిసినవాణ్ణి, ఆ అంకె చూడగానే నవ్వొచ్చింది. "ట్యాగ్ బాగానే ఉందమ్మా. పక్షి నీళ్ల మీద కూర్చుని ఉంది" అన్నాను.

రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద ఎమ్మెస్సెల్ అని ఒక అంకె ఉంటుంది కదా, అది సగటు సముద్ర మట్టం నుంచి ఎత్తు. జీపీఎస్‌కి ఆ మట్టంతో పని లేదు. భూమి ఆకారానికి దగ్గరగా లెక్క కోసం గీసుకున్న, ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన ఒక నున్నటి గోళం ఉంది, జీపీఎస్ దాని నుంచి కొలుస్తుంది. అసలు సముద్రం ఆ గోళం మీద సరిగ్గా కూర్చోదు. గురుత్వాకర్షణ కాస్త తగ్గిన చోట నీళ్లు కిందికి దిగుతాయి. శ్రీలంకకు దక్షిణాన సముద్రం ఆ గోళానికి 106 మీటర్ల దాకా కింద ఉంటుంది. ప్రపంచం మొత్తంలో సముద్ర మట్టం అంత కిందికి ఇంకెక్కడా దిగదు. మనం ఆ గుంట అంచున ఉన్నాం. నెల్లూరు తీరంలో తేడా 80 మీటర్ల పైచిలుకు. కాబట్టి పక్షి అలల మీద తేలుతుంటే మైనస్ ఎనభై చిల్లర రావడమే న్యాయం.

యూరప్‌లో ఇదే తేడా ప్లస్‌లో 40, 50 మీటర్లు ఉంటుంది. సముద్రం నుంచి ఎత్తు కావాలంటే అక్కడ ఆ తేడా తీసేయాలి, ఇక్కడ కలపాలి. అక్కడి వాళ్లు రాసిన పద్ధతి చూసి ఇక్కడ కూడా తీసివేశారంటే పక్షి ఇంకా లోతుకు పోతుంది. కొన్ని ట్యాగులు ఈ సవరణ లోపలే చేసేసి అంకె ఇస్తాయి. అది తెలియక మళ్లీ 80 కలిపితే నీళ్ల మీద పక్షి గాలిమర రెక్కలంత ఎత్తున తేలుతుంది. అందుకే ముందు ట్యాగ్ కంపెనీకి మెయిల్ పెట్టి, ఏ మట్టం నుంచి ఇస్తున్నారో రాతపూర్వకంగా తెప్పించుకోమన్నాను.

సవరణ చేశాక కూడా కూర్చున్న పక్షి ఒకసారి మైనస్ 18, ఇంకోసారి ప్లస్ 22 అని చూపిస్తూనే ఉంది. జీపీఎస్‌కి అడ్డం కంటే నిలువు ఎప్పుడూ కష్టమే. ఉపగ్రహాలన్నీ నెత్తి మీదే ఉంటాయి, కాళ్ల కింద భూమి అడ్డం. నాలుగు దిక్కుల నుంచీ సిగ్నల్ వస్తే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కిందివైపు నుంచి ఆ సాయం లేదు. పైగా బ్యాటరీ ఆదా కోసం ట్యాగ్ నిద్రపోయి లేచినప్పుడు వచ్చే మొదటి రీడింగ్‌ని నేనైతే అసలు నమ్మను. సెకనుకొకటి తీసినా అదో మాయ. పక్కపక్క రీడింగులు ఒకే వైపు తప్పుతాయి, గీత నున్నగా వస్తుంది, చూసినవాడు ఆహా ఎంత కచ్చితం అనుకుంటాడు.

"అయితే నెగటివ్‌లన్నీ తీసేయనా?" అంది. ఇక్కడ మాత్రం కాస్త గొంతు పెంచాను.

తీసేస్తే ఏమవుతుంది? కూర్చున్న పక్షి ఎత్తు సున్నా. సగం రీడింగులు పైకి తప్పుతాయి, సగం కిందికి. కిందివి చెరిపేస్తే మిగిలేవన్నీ పైకి తప్పినవే. నీళ్ల మీద కునుకు తీస్తున్న పక్షి సగటున పది మీటర్ల ఎత్తున ఎగురుతున్నట్టు పరిశోధన పేపర్లో అచ్చవుతుంది. ఆ మైనస్‌లే మన పరికరం ఎంత ఊగుతోందో చెప్పే సాక్ష్యం. వేగం సున్నాగా ఉండి, పక్షి నీళ్ల మీదే ఉందని తెలిసిన రీడింగులన్నీ విడిగా తీసి వాటి చెదురు, అంటే సున్నాకి అటూ ఇటూ ఎంత దూరం పోతున్నాయో చూడు, ఎగిరేటప్పటి అంకెల్ని ఆ చెదురుతో కలిపి చదువు అని చెప్పాను.

గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే ట్యాగులు వాడితే పోలా అంది. అవి నిమిషాల లెక్కన చూస్తే బ్రహ్మాండం. కానీ మన ఎండల్లో ఒక్క మిల్లీబార్ తగ్గితే సుమారు 9 మీటర్లు లేచినట్టు లెక్క. మన వైపు ఒత్తిడి రోజూ ఉదయం 10 గంటల ప్రాంతంలో ఎక్కువగా ఉండి, సాయంత్రం 4కల్లా మూడు నాలుగు మిల్లీబార్లు పడిపోతుంది. అంటే పక్షి కొమ్మ మీద కదలకపోయినా సాయంత్రానికి 30 మీటర్లు లేచినట్టే. చిక్కేమిటంటే, గూడబాతులు వేడిగాలి పట్టుకుని నిజంగా పైకి లేచేదీ ఎండ ముదిరాకే. దొంగ ఎత్తు, అసలు ఎత్తు ఒకే వేళ పెరుగుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది? బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. దగ్గర్లో నేల మీద ఒక బారోమీటర్ పెట్టి దాంతో సరిచూసుకోవాల్సిందే.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లుంటారు. కానీ పక్షి గాలిమర రెక్కలకు తగులుతుందా లేదా అన్నది ఈ ఎత్తు లెక్క మీదే ఆధారపడుతుంది. నేను అనంతపురం కొండల మీద గాలిమరల పునాదులకు లెవెల్స్ తీశాను. గాలిమర రెక్కల కింది కొస నేలకి ఓ 40 మీటర్ల ఎత్తున తిరుగుతుందనుకోండి. ఎక్కువ పక్షులు దానికి కిందే ఎగురుతుంటే, కొలతలోని ఊగిసలాట వాటిలో కొన్నింటిని కాగితం మీద రెక్కల్లోకి తోస్తుంది. పైనున్న కొద్ది పక్షుల్లోంచి కిందికి జారేవి తక్కువే. ఇంకోచోట పక్షులన్నీ రెక్కల ఎత్తులోనే ఉంటే అదే ఊగిసలాట వాటిని బయటికి నెట్టి ప్రమాదం లేదనిపిస్తుంది.

అదీకాక కొండ మీద పక్షి ఎత్తు కావాలంటే నేల ఎత్తు తీసేయాలి. దానికి చాలామంది వాడేది 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన పటం. చెట్లు దట్టంగా ఉంటే రాడార్ నేల దాకా పోదు, కొమ్మల్నే నేల అనుకుంటుంది. పక్షి అడ్డంగా 20 మీటర్లు తప్పినా, వాలు నిటారుగా ఉంటే కింద నేలే మారిపోతుంది. నెల్లూరు వైపు పులికాట్ సరస్సు నీళ్ల మీద చేసిన లెక్కని యథాతథంగా ఆ కొండల మీదికి తీసుకెళ్లొద్దని మేనకోడలికి చెప్పాను. అక్కడ కూర్చున్న పక్షి రీడింగులు మళ్లీ విడిగా పోగేసుకోవాలి, మామూలు జీపీఎస్ కంటే కచ్చితంగా కొలిచే డీజీపీఎస్‌తో నాలుగు చోట్ల నేల మట్టం తీసుకోవాలి. ఎండ తగ్గాక వెళ్దామంటే నేనూ వస్తానన్నాను, ట్రైపాడ్ మోయడం మాత్రం నా వల్ల కాదు.