బాడుగకు ఇచ్చేముందు ఏమేం చూడాలి: నెల్లూరు నుంచి నా అనుభవం

టులెట్ బోర్డు చూసి వచ్చి ఇల్లు నచ్చినవాళ్లు అక్కడికక్కడే ఫోన్‌పేలో వెయ్యో రెండు వేలో టోకెన్ కొడతామంటారు. నేను తీసుకోను. డబ్బు చేతిలో పడ్డాక విచారించడానికి మనకే మొహమాటం. కాదనాల్సి వస్తే తిరిగిచ్చే దగ్గర మాటామాటా పెరుగుతుంది. "రెండు రోజుల్లో చెప్తానండీ, ఈలోపు ఈ కాగితాలు చూపించండి" అంటే నిజంగా ఇల్లు కావాల్సినవాళ్లు తప్పుపట్టరు.

మొదట ఆధార్. జెరాక్సు చూసి నమ్మకూడదు, ఫొటో మార్చి కలర్ ప్రింటు తీయడం ఇవాళ ఎవరికైనా చేతనవుతుంది. కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వాళ్ల యాప్‌తోనే స్కాన్ చేయాలి. మామూలు స్కానర్‌తో చేస్తే పొడుగాటి అంకెల వరస వస్తుంది, అంతే. వాళ్ల యాప్‌లో పేరు, చిరునామాతో పాటు ఫొటో కూడా వస్తుంది. దాన్ని ఎదురుగా ఉన్న మనిషితో పోల్చుకోవాలి. జెరాక్సులో కోడ్ మసకబారి స్కాన్ కాదు కాబట్టి అసలు కార్డో, ఫోన్‌లో ఈ-ఆధార్ పీడీఎఫ్ఫో అడగండి. మన దగ్గర ఉంచుకునే కాపీకి చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు. దాని మీద అడ్డంగా "ఇంటి బాడుగ నిమిత్తం మాత్రమే" అని తేదీతో రాయించండి. వాళ్ల కాగితం దుర్వినియోగం కాకుండా చూడాల్సిన బాధ్యత మనదే.

చిరునామా దగ్గర తొందరపడి అనుమానించొద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, గూడూరు తిరుపతిలోకి, చీరాల, అద్దంకి బాపట్లలోకి పోయాయి. పాత కార్డులో పాత జిల్లానే ఉంటుంది. అంతమాత్రాన అది దొంగ కార్డు కాదు.

అన్నిటికన్నా ఎక్కువ తెలిసేది పాత ఇంటి ఓనరు దగ్గర. మోసం జరిగేదీ ఇక్కడే: స్నేహితుడి నంబరు ఇచ్చి "మా ఇంటాయన" అంటారు. అందుకని పాత ఇంటి కరెంటు బిల్లు ఒకటి తెమ్మంటాను. బిల్లు మీద సాధారణంగా ఓనరు పేరే ఉంటుంది. ఫోన్ చేసినప్పుడు "కరెంటు సర్వీసు ఎవరి పేరు మీద ఉందండీ?" అని మాటల్లో అడిగితే అసలాయన తడుముకోకుండా చెప్తాడు. తర్వాత "మనిషి మంచోడేనా" అని అడిగితే లాభం లేదు, ఎవరైనా మంచోడనే అంటారు. బాడుగ ఎంత ఇచ్చేవాడు, ఏ తేదీకి వేసేవాడు, ఎందుకు ఖాళీ చేస్తున్నాడు, అడ్వాన్సులో ఏమైనా కోశారా అని అడగాలి. బాడుగ అంకె వచ్చినాయన చెప్పినదానికి సరిపోవాలి. ఇంకోటి గుర్తుంచుకోండి: ఇప్పటి ఓనరు ఎలాగైనా వదిలించుకోవాలని పొగడొచ్చు. అంతకు ముందు ఇంటాయనకు ఆ అవసరం లేదు, వీలైతే ఆయన్నీ పలకరించండి.

ఆదాయం సంగతి. కృష్ణపట్నం పోర్టు, ముత్తుకూరు దగ్గరి పవర్ ప్లాంట్లలో చాలామంది కాంట్రాక్టరు కింద పనిచేస్తారు. మెళ్లో కార్డు మీద కంపెనీ పేరు పెద్దగా ఉన్నా జీతమిచ్చేది వేరేవాళ్లు, కార్డుకు గడువు కూడా ఉంటుంది. అలాంటివాళ్లను కేంద్ర ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ చూపించమంటాను. ఏ సంస్థ, ఏ నెలకు ఎంత కట్టిందో అందులో ఉంటుంది. ఒక నెల పీఎఫ్ కట్టడానికి తర్వాతి నెల 15 దాకా గడువు ఉంది, కాబట్టి ఆఖరి నెల కనిపించకపోతే కంగారు అక్కర్లేదు. యాప్ వాళ్ల ఫోన్‌లో వాళ్లే తెరవాలి. ఓటీపీ మనం అడగనే కూడదు.

కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైటులో పేరుతో కేసులు వెతకొచ్చు. జిల్లా, కోర్టు కాంప్లెక్సు, సంవత్సరం ఇవ్వాలి. మన పేర్లతోనే చిక్కంతా. వెంకటేశ్వర్లును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగానైనా రాస్తారు, అదే పేరుతో వందమంది ఉంటారు. తండ్రి పేరు, ఊరు కలిస్తే తప్ప ఆయనే అనుకోవద్దు. పొలం పంపకాల దావా ఉంటే మనకేం సంబంధం? ఇల్లు ఖాళీ చేయించే కేసో, చెక్ బౌన్సు కేసులు వరసగానో ఉంటే మాత్రం ఆగి నేరుగా అడగాలి.

పోలీసు వెరిఫికేషన్‌కు ఫొటో, ఆధార్ కాపీతో మన స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. చీమకుర్తి గ్రానైట్ పనులకు రాజస్థాన్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లయితే వాళ్ల సొంతూరు స్టేషన్ జవాబివ్వాలి కాబట్టి ఆలస్యమవుతుంది.

"మీరేమిటోళ్లు?" అని కులం అడగడాన్నే చాలామంది విచారణ అనుకుంటారు. దానివల్ల బాడుగ టైముకు పడుతుందా లేదా అన్నది తెలియదు, ఎదుటి మనిషి మనసు నొచ్చుకుంటుంది.

బ్యాచిలర్లకు ఇస్తే ఒక్కడి కార్డు తీసుకుని ఊరుకోవద్దు. నెలలు గడిచేకొద్దీ ఒకడు పోయి ఇంకొకడు చేరతాడు, చివరికి అగ్రిమెంటులో పేరున్నవాడే ఇంట్లో ఉండడు. 11 నెలల అగ్రిమెంటులో ఉండేవాళ్లందరి పేర్లూ రాసి, కొత్తవాళ్లు చేరేముందు కార్డు చూపించాలనే షరతు పెట్టి, దాని కింద అందరిచేతా సంతకం చేయించండి.